వంటశాలలో లభించిన సంతృప్తి

నిరాడంబర జీవనమును ప్రశంసింపని వారు లేరు. ఉన్నదానితో తృప్తిపడువాడే భాగ్యవంతుడను మాట ప్రతి దేశమునను, ప్రతి మతమునను ఏదో యొక రూపమున వినబడుచునే యున్నది. కాని ఆ జీవనమును ప్రశంసించుట వేఱు, అందు సంతోషముగ నుండుట వేఱు. కలిమి లేక నిరాడంబరముగ బ్రతుకువారు లోకమున కోట్లకొలది కలరు; వారందఱును తృప్తులు కారు. కలిమిని విడనాడి నిరాడంబరతను వరించినవారును కలరు. వారిలో విడిచినదానిని తలచుకొని లోలోన కుములువారు కొందఱు, విడిచితిమని గర్వించువారు మఱికొందఱు. కావున వస్తువులు తగ్గిన మాత్రమున తృప్తి పెరుగునని చెప్పుటకు వీలులేదు. మఱి తృప్తి యెచ్చటనుండి వచ్చును?

ఈ ప్రశ్నకు క్రైస్తవ చరిత్రమున పలువురు పలువిధముల సమాధానమిచ్చిరి. అస్సీసీ పురవాసియైన ఫ్రాన్సిసు వంటి మహనీయులు ధనికుల యింట పుట్టి, సర్వమును త్యజించి లోకమునకు మార్గదర్శకులైరి. త్యజించుటకు తనకంటూ ఏమియు లేని యొక సామాన్యుడు కూడ దీనికి సమాధానమిచ్చియున్నాడు. ఆయన పండితుడు కాడు. మతాచార్యుడు కాడు. కాలు కుంటి. జీవితములో పెద్దభాగమును వంటశాలలోను, చెప్పులు కుట్టు చోటను గడపినవాడు. ఆయనయే 17వ శతాబ్దమున పారిస్ నగరమున నివసించిన సోదరుడు లారెన్సు.

తలిదండ్రులు పెట్టిన పేరు నికొలాస్ హెర్మన్. 1614వ సంవత్సర ప్రాంతమున లొరేన్ సీమలోని ఎరిమెనిల్ అను పల్లెయందు జన్మించెను. లొరేన్ నేడు ఫ్రాన్సు దేశములోని భాగము. నాడు అది వేఱొక ప్రభువు ఏలుబడిలో నుండెను. 1618 మొదలు 1648 వఱకు మధ్య ఐరోపాను దగ్ధము చేసిన ముప్పదియేండ్ల యుద్ధము ఆ సీమనుకూడ విడువలేదు. నికొలాస్ యౌవనమున సిపాయిగా చేరెను. ఒకమారు జర్మను సైనికులు ఆయనను పట్టుకొని, గూఢచారియని యనుమానించి, ఉరితీయుదుమని బెదరించిరి. తాను గూఢచారిని కాననియు, చావునకు వెఱవననియు ఆయన నిబ్బరముగ బదులు చెప్పగా విడిచిపుచ్చిరి. 1635లో స్వీడను సేనలు రాంబెర్విలే పట్టణముపై పడినప్పుడు ఆయన గాయపడెను. అటుపిమ్మట కుంటితనము ఆయనకు జీవితాంతము తోడుగా నిలిచెను.

గాయపడుటకు ముందే, పదునెనిమిదవ యేట, ఆయన జీవితమున నొక చిన్న సంఘటన జరిగెను. అది చలికాలము. ఆ దేశపు చెట్లు పెక్కు మన మఱ్ఱివలె మామిడివలె ఏడాది పొడుగునను పచ్చగా నుండవు. చలికాలము రాగానే ఆకులన్నియు రాల్చి నెలల తరబడి మోడులై నిలుచును. అట్టి మోడు నొకదానిని నికొలాస్ చూచెను. కొంతకాలమునకు దానికి మరల ఆకులు వచ్చును, పిదప పూలు, పిదప కాయలు వచ్చును గదా యని తలపోసెను. ఆ తలపులోనుండి దేవుని శక్తియు, ఆయన పోషణయు ఆ యువకుని మనస్సునకు ప్రత్యక్షమైనట్లు తోచెను. ఆనాడు కలిగిన భక్తి తరువాత నలువది యేండ్లలో పెరిగినదో లేదో చెప్పజాలనని ముసలితనమున ఆయనయే పలికెనట. చూచినది అద్భుతము కాదు. ప్రతివారును ప్రతియేటను చూచునదే. సామాన్యమైనదానిలో దైవమును దర్శించుట ఆయనకు అచ్చటనే మొదలైనది.

సిపాయితనము ముగిసినవెనుక నికొలాస్ కొంతకాలము ఫియోబె అను కోశాధికారియొద్ద పరిచారకుడుగా నుండెను. తాను పెద్ద మొద్దుననియు, చేతికి దొరకినదెల్ల పగులగొట్టుచుండెడివాడననియు ఆయన ఆ దినములనుగూర్చి చెప్పుకొనెడివాడు. 1640లో పారిస్‌లోని వోజిరార్ వీథియందున్న కార్మెలు మఠమున చేరెను. అచ్చట ఆయనకు పునరుత్థాన లారెన్సు అను క్రొత్త పేరు వచ్చెను. 1642లో కడపటి వ్రతములు స్వీకరించెను.

ఈ కార్మెలు సన్యాసులు 16వ శతాబ్దమున స్పెయిను దేశమున ఆవిలా తెరెసా మొదలిడిన సంస్కరణమునకు చెందినవారు. బూట్లు మాని చెప్పులు మాత్రమే తొడుగుట వారి పేదఱికపు గుఱుతు. తెరెసా గొప్ప ధ్యానయోగిని. అయినను, వంటపనికి నియోగింపబడిన సన్యాసినులు అందులకు విచారింప నక్కఱలేదనియు, దేవుడు వారికి అచ్చటను దూరుడు కాడనియు ఆమె బోధించెను. అట్టి సంప్రదాయములోనికి లారెన్సు ప్రవేశించెను. మఠములలో రెండు తరగతులవారుండిరి. లాటిను చదివి ఆచార్యపదవి నందువారు మొదటి తరగతివారు. వంట, చాకిరి, తోటపని, కుట్టుపని చేయు సోదరులు రెండవ తరగతివారు. లారెన్సు రెండవ తరగతివాడు.

మఠమున చేరునప్పుడు ఆయనకు సుఖము దొరకునను ఆశ లేదు. తన మొద్దుతనమునకు, చేసిన తప్పులకు అచ్చట చర్మము ఒలుతురనియు, ఆ విధముగ తన బ్రతుకును దానిలోని సుఖములను దేవునికి అర్పింపవచ్చుననియు ఆయన తలంచెను. నిరాడంబర జీవనమును శిక్షగా భావించి స్వీకరించెనన్న మాట. కాని కడపట ఆయనకు దొరకినది సంతృప్తి. ఈ విషయమున దేవుడు తన్ను మోసగించెనని ఆయన నవ్వుచు చెప్పెడివాడు. ఈ హాస్యములో గొప్ప సత్యమొకటి కలదు. నిరాడంబరతను పలువురు చేదు మందువలె మ్రింగజూతురు; చేదుగా నుండినగాని పుణ్యము రాదని వారి నమ్మకము. లారెన్సు అట్టి నమ్మకముతోనే లోపలికి పోయి, దానిని అచ్చటనే పోగొట్టుకొనెను.

ఆ సంతృప్తి ఆయనకు వెంటనే లభింపలేదు. తొలి పదియేండ్లు లోలోపల మిక్కిలి బాధపడితినని తన లేఖయం దొకదాన ఆయనయే వ్రాసికొనెను. తన పాపములు కన్నులయెదుట నిలిచెడివి. అందులో నాలుగేండ్లు తాను నరకమునకు పోవుట నిశ్చయమని నమ్మియుండెను. ఎవ్వరు ఎంత చెప్పినను ఆ నమ్మకము వీడలేదు. తుదకు ఆయనయే యొక నిర్ణయమునకు వచ్చెను. తనకు మోక్షము కలుగనిండు, నరకము కలుగనిండు; చచ్చువఱకు చేయు ప్రతిపనిని దేవునియందలి ప్రేమచేతనే చేయుదునని నిశ్చయించుకొనెను. ఫలమునుగూర్చిన లెక్కలు మానుటతో భారము దిగిపోయెను. స్వర్గముకొఱకైనను బేరమాడు మనస్సునకు శాంతి లేదని ఆ నాలుగేండ్లు ఆయనకు నేర్పెను.

ఇక ఆయన పని. వంటపనియన్న ఆయనకు స్వభావసిద్ధముగ గొప్ప యేవగింపు. ఇది ఆయన జీవితకథలో మఱువరాని విషయము. లారెన్సుకు వంట యిష్టమగుటచేత వంటశాల స్వర్గమైనదని తలంచుట పొరపాటు. ఇష్టములేని ఆ పనినే పదునైదేండ్లు చేసెను. వంటశాలయన్నను ప్రశాంతస్థలము కాదు. పెద్ద మఠమున భోజనవేళకు ముందు పొయ్యిలమంట, గిన్నెల చప్పుడు, ఒకరి తరువాత ఒకరుగ వచ్చి తలకొకటి అడుగువారి తొందర. అట్టి సందడిలో నుండియు, ప్రార్థనాలయమున మోకరించియున్నప్పుడెంత నెమ్మదిగ నుండునో అంత నెమ్మదిగ దేవుని సన్నిధిలో నుండవచ్చునని ఆయన అనుభవమువలన తెలిసికొనెను.

దీనికి ఆయన అవలంబించిన మార్గము మిక్కిలి సులభమైనది. పని మొదలిడుటకు ముందు, ఈ పని సక్రమముగ చేయుటకు సాయపడుమని దేవుని వేడుకొనును. పని చేయుచున్నంతసేపును, ప్రక్కనున్న మిత్రునితో మాటలాడినట్లు, నడుమ నడుమ ఆయనతో మాటలాడును. పని ముగిసినపిదప ఎట్లు చేసితినని పరిశీలించుకొనును. బాగుగ జరిగియున్న కృతజ్ఞత తెలుపును. బాగుగ జరుగకున్న, తన్ను తనకు విడిచినచో ఇంతకంటె మేలుగ చేయజాలనని దేవునితో ఒప్పుకొని, క్షమాపణ వేడి, కుంగిపోక మరల పనిలో ప్రవేశించును. మనస్సు అటునిటు పరుగెత్తినప్పుడు దానిని తిట్టుకొనక మెల్లగ మరలించుకొనును. పెనముమీది గ్రుడ్ల అట్టును తిరుగవేయుటయు, నేలమీది గడ్డిపరకను తీయుటయు దేవునియందలి ప్రేమచేత చేసినచో చాలునని ఆయన భావము. దేవుడు పనియొక్క పెద్దతనమును చూడడనియు, దానిలోని ప్రేమను చూచుననియు ఆయన విశ్వాసము.

వంటశాల వెలుపలి పనులును ఆయనకు తప్పలేదు. మఠమునకు కావలసిన ద్రాక్షసారాయము కొనుటకు ఆయనను ఒకయేడు ఓవెర్న్ సీమకును, మఱుసటి యేడు బర్గండీ సీమకును పంపిరి. బేరసారములయందు ఆయనకు నేర్పు లేదు. కాలు కుంటి. పడవలో ఒకచోటినుండి మఱియొకచోటికి పోవలసివచ్చినచో పీపాలమీదుగ దొర్లవలసినదే. అయినను దానికిగాని, సరకు కొనుటకుగాని ఆయన చింతింపలేదు. ఇది నీ పనియే సుమా యని దేవునితో చెప్పి బయలుదేరెడివాడు. ఎట్లు జరిగినదో తనకే తెలియకుండ పని చక్కగ నెఱవేరి యుండెడిదట.

ఈ వృత్తాంతమునుబట్టి నిరాడంబరతయన నేమియో కొంత బోధపడును. కార్మెలు మఠమున సొంత ఆస్తి ఎవ్వరికిని లేదు, లారెన్సుకును లేదు. ఆ విషయమున ఆయన తోడివారికంటె విశిష్టుడు కాడు. ఆయన విశిష్టత మనస్సునందలి నిరాడంబరత. మనుష్యుని మనస్సు సామాన్యముగ ఒకేసమయమున నలుగురు యజమానులను కొలుచుచుండును. చేతులు ఒకపనిలో నుండును. పెద్దల మెప్పునం దొకచూపు, తోడివాని పదవియం దొకచూపు, రేపటి ఫలమునం దొకచూపు. ఈ చీలికయే అతృప్తి. లారెన్సు యజమానుల సంఖ్యను ఒకటికి తగ్గించెను. అంతతో ఏ పనియైనను ఒక్కటే అయ్యెను. కాలి బాధ ముదిరినపిదప ఆయనను వంటశాలనుండి తప్పించి చెప్పులు కుట్టు పనికి పెట్టిరి. ఆ పని ఆయనకు నచ్చినది. అయినను అదియు రేపే విడుచుటకు సిద్ధముగ నుండెను. ఇష్టములేని పనిని సహించుటకంటె ఇష్టమైన పనిని అంటిపెట్టుకొనక చేయుట కష్టము. రెండును ఆయనకు అలవడెను.

అలవడెనను మాటను ఇచ్చట గమనింపవలెను. మొదటి శతాబ్దమున పౌలు చెఱసాలనుండి ఫిలిప్పీ పట్టణపు క్రైస్తవులకు వ్రాసిన లేఖలో, లేమిలోను కలిమిలోను సంతుష్టుడై యుండుటను తాను నేర్చుకొన్నట్లు చెప్పుకొనెను. సంతుష్టి పుట్టుకతో వచ్చినదనలేదు, ఒక్కసారిగ ఆకాశమునుండి దిగినదనలేదు, నేర్చుకొంటిననెను. కనుక అదియొక విద్య. దానికిని అభ్యాసము, తప్పులు, దిద్దుకొనుట, కాలము కావలెను. లారెన్సుకు పదియేండ్లు పట్టినది. పాఠశాలలో నున్నవారికి ఈ మాట యితరులకంటె బాగుగ తెలియును. ఒక్కనాడు వ్రాసిన మాత్రమున చేవ్రాత కుదురుకొనదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాక మానదు. ఉన్నదానితో తృప్తిపడుమని బీదవానికి బోధించుట బలవంతులకు ఎల్లప్పుడును అనుకూలమైన పని. కూలి చాలనివానికి, ఆకొన్నవానికి సంతుష్టి నుపదేశించి, తాము కడుపునిండ భుజించినవారు చరిత్రమున తక్కువవారు కారు. మతము పేర అట్లు చేసినవారును కలరు. ఈ ఆక్షేపణమును త్రోసివేయరాదు. లారెన్సు మార్గమును పరీక్షింపవలసినది ఇచ్చటనే.

మొదట, ఆయన ఆ బోధను తనకు చేసికొనెను. వంటవాడు వంటశాలలోనుండి పలికిన మాటకును, ప్రభువు సింహాసనముపైనుండి వంటవానికి చెప్పిన మాటకును చాల భేదము కలదు. రెండవది, ఆయన పని ఇతరుల ఆకలి తీర్చుట. తన తృప్తి పేర ఎవ్వనినైనను పస్తుంచుట ఆ పనిలో పొసగదు. మూడవది, బైబిలు ఈ విషయమున స్పష్టముగ నున్నది. బట్టయు కూడును లేని సోదరునికి ఏమియు నీయక, సుఖముగ నుండుమని మాత్రము పలికి పంపివేయు భక్తి నిష్ఫలమని యాకోబు తన పత్రికలో మందలించెను. పౌలును, సంతుష్టినిగూర్చి వ్రాసిన ఆ లేఖలోనే, ఫిలిప్పీవారు తన కష్టకాలమున పంపిన సాయమును కృతజ్ఞతతో స్వీకరించెను. సంతుష్టి తనకొఱకు, సాయము ఇతరులకొఱకు. ఈ రెంటిని తాఱుమాఱు చేసినప్పుడే ధర్మము చెడును.

సంతుష్టియన్న చేతులు ముడుచుకొని కూర్చుండుట యను మఱియొక అపోహ కలదు. దానివలన లారెన్సు పేరే కొంతకాలము చిక్కులలో పడినది. ఆయన స్వయముగ గ్రంథమేదియు రచింపలేదు. 1666 ఆగస్టు మొదలుకొని జోసెఫ్ ద బోఫోర్ అను మతాచార్యుడు ఆయనను కలిసికొని, జరిగిన సంభాషణలను వ్రాసియుంచెను. లారెన్సు మరణానంతరము బోఫోర్ ఆయన సూక్తులను, లేఖలను 1692లోను, సంభాషణలను, జీవితవిశేషములను 1694లోను ప్రకటించెను. నాలుగు సంభాషణలు, పదునాఱు లేఖలు, కొన్ని సూక్తులు. దాదాపు అంతే ఆయన వాఙ్మయము. ఆ కాలముననే ఆత్మ ఏ ప్రయత్నమును చేయక నిశ్చేష్టముగ నుండవలెనను వాదమొకటి ఐరోపాలో ప్రబలెను. ఆ వాదమును బోధించిన మోలినోస్‌ను 1687లో రోము ఖండించెను. లారెన్సును స్వయముగ చూచి, ఆయన మాటలను తన వాదమునకు ఉదాహరించిన ఫెనెలోన్ గ్రంథములోని యిరువదిమూడు వాక్యములును 1699లో ఖండింపబడెను. ఆ కలకలములో లారెన్సు పుస్తకము ఫ్రెంచి కథలికుల ఆదరణమును చాలవఱకు కోల్పోయెను.

అప్పుడు దానిని కాపాడినవారు ప్రొటెస్టంటులు. హాలండున నివసించిన పియేర్ ప్వారే దానిని మరల అచ్చువేయించెను. 18వ శతాబ్దమున అది ఇంగ్లీషులోనికి వచ్చెను. జాన్ వెస్లీ తన అనుచరులకొఱకు కూర్చిన గ్రంథమాలలో దానికి చోటిచ్చెను. నేడు కథలికులు, ప్రొటెస్టంటులు అను భేదము లేక చదువుకొను పుస్తకములలో అది యొకటి. పదునైదేండ్లు పొయ్యియెదుట నిలిచి, సారాయపు పీపాలమీద దొర్లి, చెప్పులు కుట్టినవాని మాటలను సోమరితనపు బోధగా అనుమానించుట వింతయే. ఆయన పనిని మానలేదు. పనిలోని ఆందోళనమును మానెను.

ఉపాధ్యాయుని జీవితమునను వంటశాలలు లేకపోలేదు. ఏటేట చెప్పిన పాఠమునే మరల చెప్పుట, ఒకే తప్పును నలువది వ్రాతపుస్తకములలో ఒకే రీతిగ దిద్దుట, హాజరుపట్టీ పిలుచుట. వీనిలో కీర్తి లేదు. విద్యార్థికిని, కంఠస్థము చేయవలసిన పద్యములు, తేలనని మొండికెత్తు లెక్కలు కలవు. ఇవన్నియు ముగిసినపిదప అసలైన జీవితము మొదలగునని ఉభయులును ఎదురుచూచుచుందురు. ఆ యెదురుచూపులోనే దినములు గడచిపోవును. ఈ పనియు జీవితమేయనియు, దీనిని ప్రేమించువాని సన్నిధిలో దీనిని చేయవచ్చుననియు లారెన్సు చెప్పుచున్నాడు. ఆయన దేవుని క్రీస్తునందు దర్శించెను. ఆయన తృప్తికి మూలము ఆ విశ్వాసమే. దానిని తొలగించి పద్ధతిని మాత్రము గ్రహించుట దీపమును విడిచి ప్రమిదను తీసికొనుట వంటిది. అయినను, చేతిలోని పనిని పరధ్యానము లేక, పగ లేక, ఫలమును లెక్కింపక చేయవలెనను పాఠము ఏ మతమువారికైనను పనికివచ్చునదే.

లారెన్సు 1691 ఫిబ్రవరి 12వ తేదీన మరణించెను. వయస్సు డెబ్బదియేడేండ్ల ప్రాంతము. ఆయన నివసించిన మఠపు ఆవరణమున 1875 నుండి పారిస్ కథలిక విద్యాపీఠము నడచుచున్నది. ఒకనాడు చదువురాని సోదరులు చాకిరిచేసిన చోట నేడు విద్యార్థులు తిరుగుచున్నారు. అవసానదశయందు, ఏమి చేయుచున్నావని ఒకరు ప్రశ్నింపగా, పరలోకమున నిత్యము చేయబోవుపనినే యిచ్చటను చేయుచున్నాననియు, దేవుని స్తుతించుచు ప్రేమించుచున్నాననియు ఆయన తెలిపెనట. వంటశాలలో గిన్నెల నడుమ ఆయన చేసినదియు అదియే.